అక్కడి రక్తపరీక్షకు ఇక్కడ పద్దు
అబిడ్స్, నాంపల్లిలో మెడికల్ కోడింగ్ శిక్షణ - ఫీజు కట్టేముందు తెలుసుకోవలసిన సంగతులు

హైదరాబాద్: నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగే వికారాబాద్ జిల్లా వారికి ఆ చుట్టుపక్కల ప్రాంతం కొత్తేమీ కాదు. మార్కుల మెమోలో పొరపాటు వస్తే ఇంటర్ బోర్డు, ఉద్యోగ పరీక్ష రాస్తే పబ్లిక్ సర్వీసు కమిషన్, వాయిదా వుంటే క్రిమినల్ కోర్టులు, పిల్లలకు జబ్బు చేస్తే నీలోఫర్, క్యాన్సర్ అయితే ఎం.ఎన్.జె. ఆసుపత్రి, జనవరి వస్తే నుమాయిష్. అన్నీ ఆ దగ్గరలోనే వున్నాయి. 1907లో కట్టిన ఆ స్టేషన్ ఇన్నేళ్లుగా తాండూరు, వికారాబాద్ వైపు జనానికి పట్నం వాకిలిగా వుంటూ వచ్చింది.

ఇప్పుడు డిగ్రీ ముగించిన పిల్లలు మరో పని మీద కూడా అటు వెళుతున్నారు. అబిడ్స్ మేడల మెట్ల పక్కన, నాంపల్లి, కోఠీ సందుల మలుపుల్లో ‘మెడికల్ కోడింగ్’, ‘మెడికల్ బిల్లింగ్’ అనే బోర్డులు కనిపిస్తున్నాయి. అమీర్‌పేటలో అయితే చెప్పనక్కరలేదు. బి.ఎస్సీ., బి.ఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివిన వారికి అమెరికా ఆసుపత్రుల పని, ఏసీ గదిలో ఉద్యోగం అన్నది ఆ బోర్డుల సారాంశం.

ఫీజు కట్టవలసిన తల్లిదండ్రులకు మాత్రం ఆ పని ఏమిటో అంతుబట్టడం లేదు. ‘డాక్టరు పనా, గుమాస్తా పనా, కంప్యూటరు పనా?’ అని అడుగుతున్నారు. నిజానికి ఇందులో మూడూ కొంచెం కొంచెం వున్నాయి. పని నిజమైనదే. దాని మీద బతుకుతున్న వారు హైదరాబాద్‌లో వేల సంఖ్యలో వున్నారు. కాని అది చదివి నేర్చుకోవలసిన విద్య. సర్టిఫికెట్ కొనుక్కుంటే వచ్చేది కాదు. ఈ తేడా తెలియక కందులు అమ్మిన డబ్బు ఫీజుగా కట్టి వట్టి చేతులతో ఇంటికి తిరిగి వచ్చే ప్రమాదం వుంది.

ఆరోగ్యశ్రీ తెలిస్తే ఇదీ తెలుస్తుంది

2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పల్లె ప్రజలందరికీ తెలిసినదే. రోగి ఆసుపత్రిలో చేరితే డబ్బు అడగరు. కాని ఆసుపత్రి వారు ఊరికే వైద్యం చేయడం లేదు. ఏ జబ్బు, ఏ ఆపరేషన్, ఏ పరీక్షలు అన్నది కంప్యూటరులో ఎక్కిస్తారు. ప్రతి చికిత్సకు ఒక గుర్తు, ఒక రేటు వుంటాయి. ఆ కాగితాలు ట్రస్టుకు వెళతాయి. అక్కడ సరిచూసి, సరిగ్గా వుంటే ఆసుపత్రికి సొమ్ము పంపుతారు. లేదంటే తిప్పి పంపుతారు.

అమెరికాలో దాదాపు వైద్యమంతా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. 65 ఏళ్లు దాటిన వారికి మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వుంది. దాని చట్టం 1965లో వచ్చింది. పేదలకు మెడికైడ్ వుంది. ఉద్యోగులకు చాలావరకు యజమానులే ప్రైవేటు కంపెనీల బీమా ఇప్పిస్తారు. రోగికి రక్తపరీక్ష చేసిన ల్యాబ్ తన డబ్బు కోసం ఈ బీమా సంస్థలకు బిల్లు పంపుకోవాలి. ఆ బిల్లులో మాటలకన్నా అంకెలకే పని ఎక్కువ. డాక్టరు రాసిన మాటలను అంకెలుగా మార్చడాన్ని కోడింగ్ అంటారు. ఆ అంకెలతో బిల్లు తయారు చేసి, పంపి, డబ్బు వచ్చేదాకా వెంటపడడాన్ని బిల్లింగ్ అంటారు.

ఈ పనికి ల్యాబ్ పక్కనే కూర్చోవలసిన అవసరం లేదు. కాగితాలు కంప్యూటరులో వస్తాయి కనుక అమెరికా ల్యాబ్ పద్దును అబిడ్స్‌లో ఒక మేడ మీది గదిలోనైనా రాయవచ్చు. ఖర్చు తగ్గుతుందని అక్కడి ల్యాబ్‌లు ఈ పనిని బయటి సంస్థలకు అప్పగిస్తున్నాయి. దీనినే అవుట్‌సోర్సింగ్ అంటున్నారు.

ఏమి చేశారు? ఎందుకు చేశారు?

ల్యాబ్ బిల్లులో ముఖ్యంగా రెండు రకాల గుర్తులు వుంటాయి. మొదటిది ఏ పరీక్ష చేశారో చెబుతుంది. దీనిని సి.పి.టి. కోడ్ అంటారు. అమెరికా వైద్యుల సంఘం దీనిని 1966లో తొలిసారి ప్రచురించింది. మొత్తం కోడ్‌లు 10 వేలు దాటాయి. వాటిలో ల్యాబ్ పరీక్షలకు సంబంధించినవి చాలావరకు 8 అంకెతో మొదలవుతాయి. మన ఊళ్లలో సి.బి.పి. అనే రక్తపరీక్షకు దగ్గరి కోడ్ 85025. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షకు 83036. థైరాయిడ్ పరీక్ష టి.ఎస్.హెచ్.కు 84443. కొలెస్టరాల్ పరీక్షల కట్టకు 80061. చేతి నరం నుంచి రక్తం తీసినందుకు వేరే కోడ్ వుంది. అది 36415.

రెండవది ఆ పరీక్ష ఎందుకు చేశారో చెబుతుంది. దీనిని ఐ.సి.డి. కోడ్ అంటారు. 1893లో యూరప్ గణాంక శాస్త్రవేత్తలు మరణ కారణాల లెక్క కోసం మొదలుపెట్టిన పట్టికే దీనికి మూలం. 1948 నుంచి దాని బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థది. అందులో పదవ కూర్పును అమెరికా తనకు తగినట్టు మార్చుకుని 2015 అక్టోబర్ 1 నుంచి వాడుతోంది. పాత కూర్పులో సుమారు 14 వేల కోడ్‌లు వుండగా, కొత్త దానిలో దాదాపు 70 వేలు వున్నాయి. ఇతర చిక్కులు లేని రెండవ రకం షుగర్ జబ్బుకు ఇ 11.9. కారణం తెలియని జ్వరానికి ఆర్ 50.9. అతి దాహానికి ఆర్ 63.1.

ఈ రెండు గుర్తులు ఒకదానికొకటి పొసగాలి. షుగర్ సగటు పరీక్ష చేసి, కారణం కాలి బెణుకు అని రాస్తే బీమా సంస్థ డబ్బు ఇవ్వదు. పరీక్ష రోగికి అవసరమేనని రెండవ కోడ్ రుజువు చేయాలి. కోడర్ చదువు అక్కరకు వచ్చేది ఇక్కడే.

రాయనిది రాయరాదు

కోడింగ్‌లో మొదటి నీతి ఒకటి వుంది. డాక్టరు రాయనిది కోడర్ రాయరాదు. ఉదాహరణకు డాక్టరు చీటీలో ‘మలేరియా అనుమానం, జ్వరం’ అని వుందనుకుందాం. బయటి రోగుల విషయంలో అనుమానాన్ని జబ్బుగా రాయడానికి వీలులేదు. జ్వరం కోడ్ మాత్రమే వేయాలి. అనుమానాన్ని జబ్బుగా ఎక్కిస్తే ఆ మనిషికి లేని మలేరియా అతని రికార్డులో శాశ్వతంగా చేరిపోతుంది.

అలాగే ల్యాబ్ రిపోర్టులో షుగర్ 300 అని వున్నంత మాత్రాన కోడర్ తనంతట తాను షుగర్ జబ్బు అని రాయరాదు. అంకె చూసి జబ్బు నిర్ణయించే అధికారం డాక్టరుది. డాక్టరు కారణం రాయకుండా చీటీ పంపితే తిరిగి అడిగి తెప్పించుకోవాలి. కణితి ముక్కను పరీక్షించే బయాప్సీ వంటి వాటిలో మాత్రం పాథాలజిస్టు స్వయంగా డాక్టరే కనుక, ఆయన తేల్చి రాసిన జబ్బును కోడ్ చేయవచ్చు.

ఇంకొక నీతి, కట్టను విప్పి అమ్మరాదు. కొలెస్టరాల్ కట్టలో మూడు పరీక్షలు వున్నాయి. మూడింటికీ విడివిడిగా కోడ్‌లు వున్నాయి. మూడూ ఒకేసారి చేసినప్పుడు కట్ట కోడ్ ఒక్కటే వేయాలి. విడివిడిగా వేసి ఎక్కువ డబ్బు రాబట్టడం నేరం కిందకు వస్తుంది. ఒకే రోజు ఒకే పరీక్షను రోగి అవసరం కోసం మళ్లీ చేస్తే 91 అనే అదనపు గుర్తు చేర్చాలి. యంత్రం చెడిపోయి మళ్లీ చేసినా, మొదటి ఫలితం సరిచూసుకోవడానికి చేసినా ఆ గుర్తు వాడరాదు. ఆ ఖర్చు ల్యాబ్‌దే.

చీటీ నుంచి సొమ్ము దాకా

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలో డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒకరు వున్నారనుకుందాం. ఆమెకు షుగర్ వుంది. డాక్టరు షుగర్ సగటు పరీక్ష రాశారు. రక్తం ల్యాబ్‌కు చేరింది. ఆమె పేరు, పుట్టిన తేదీ, బీమా నంబరు, పరీక్ష రాసిన డాక్టరు పది అంకెల గుర్తింపు నంబరు కంప్యూటరులో ఎక్కాయి. పరీక్ష జరిగి ఫలితం డాక్టరుకు వెళ్లింది. ఇక మిగిలింది డబ్బు సంగతి.

హైదరాబాద్‌లో కూర్చున్న ఉద్యోగి ముందు ఆ కాగితం తెర మీద కనిపిస్తుంది. పేరు, పుట్టిన తేదీ, బీమా నంబరు సరిపోయాయా? డాక్టరు సంతకం వుందా? కారణం రాశారా? అన్నీ చూసి 83036, దాని పక్కన ఇ 11.9 వేస్తారు. ల్యాబ్ లైసెన్సు నంబరు చేరుస్తారు. 1988లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి ల్యాబ్‌కు ఆ నంబరు వుండాలి. అది లేని బిల్లుకు మెడికేర్ డబ్బు ఇవ్వదు.

బిల్లు కంప్యూటరు ద్వారానే వెళుతుంది. అంతా సరిగ్గా వుంటే కొద్ది వారాల్లో సొమ్ము వస్తుంది. తప్పు వుంటే తిప్పికొడతారు. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా, బీమా గడువు ముగిసినా తిప్పికొడతారు. అదుపులో వున్న షుగర్ రోగికి ఆ సగటు పరీక్షను మూడు నెలలకు ఒకసారి కన్నా ఎక్కువగా చేయడం మామూలుగా అవసరం లేదని మెడికేర్ నియమం. అంతకన్నా తరచుగా చేస్తే కారణం చూపాలి.

తిప్పికొట్టిన బిల్లును సరిచేసి మళ్లీ పంపే వారు వేరే వుంటారు. బీమా సంస్థలకు ఫోన్ చేసి ఎందుకు ఆగిందో కనుక్కునే వారూ వుంటారు. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర అయితే న్యూయార్క్‌లో చలికాలంలో ఉదయం ఎనిమిది, వేసవిలో ఉదయం తొమ్మిది. అందుచేత ఫోన్ పని చేసేవారికి రాత్రి డ్యూటీ తప్పదు. కోడింగ్ చేసేవారికి చాలాచోట్ల పగటి డ్యూటీయే వుంటుంది. చేరేముందు ఏ పనికి తీసుకుంటున్నారో అడిగి తెలుసుకోవాలి. కోడింగ్ అని చెప్పి ఫోన్ పనిలో వేస్తే తర్వాత బాధపడి ప్రయోజనం లేదు.

బిల్లు పంపడానికి గడువు కూడా వుంది. మెడికేర్‌కు పరీక్ష జరిగిన తేదీ నుంచి ఏడాదిలోగా పంపాలి. ప్రైవేటు కంపెనీల్లో చాలావాటికి గడువు అంతకన్నా తక్కువ. గడువు దాటితే ల్యాబ్ చేసిన పని నీళ్లపాలే.

ఒక అంకె తప్పితే

ల్యాబ్ బిల్లులు ఒక్కొక్కటి చిన్నవి. కాని రోజుకు వేల సంఖ్యలో వుంటాయి. అందువల్ల చిన్న తప్పు కూడా పెద్ద మొత్తమవుతుంది. 1992లో నేషనల్ హెల్త్ లేబొరేటరీస్ అనే అమెరికా సంస్థ ప్రభుత్వానికి 11 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. డాక్టర్లు కోరిన పరీక్షల కట్టకు అవసరం లేని అదనపు పరీక్షలను జతచేసి, వాటికి మెడికేర్ నుంచి విడిగా డబ్బు తీసుకున్నదే నేరం. 1997లో స్మిత్‌క్లైన్ బీచమ్ వారి ల్యాబ్‌ల సంస్థ ఇలాంటి బిల్లుల వివాదంలో 32 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించింది. అప్పటి నుంచి అక్కడి ప్రభుత్వం ల్యాబ్ బిల్లుల మీద కన్ను వేసి వుంచింది.

తప్పు భారం రోగి మీద కూడా పడుతుంది. మెడికేర్ ఆమోదించిన ల్యాబ్ పరీక్షలకు రోగి ఏమీ కట్టనక్కరలేదు. కాని ప్రైవేటు బీమాలో కారణం కోడ్ తప్పుపడితే బిల్లు రోగి ఇంటికి పోవచ్చు. సముద్రాల అవతల వున్న ఆ ముసలమ్మకు ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఎన్నటికీ తెలియదు. ఆసుపత్రి బిల్లు చూసి గుండె జారడం ఏ దేశంలోనైనా ఒకటే.

ఇంకొక బాధ్యత గుట్టు. ఎవరికి ఏ జబ్బు వుందో కోడర్ కళ్ల ముందు వుంటుంది. 1996 నాటి హిపా అనే అమెరికా చట్టం ప్రకారం ఆ సంగతులు బయటకు పొక్కరాదు. అందుకే చాలా ఆఫీసుల్లో పని గదిలోకి సెల్‌ఫోన్, కాగితం, కలం కూడా తీసుకుపోనివ్వరు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో బిల్లులు చేరవేసే ఛేంజ్ హెల్త్‌కేర్ అనే సంస్థ కంప్యూటర్లలో దొంగలు పడితే దేశమంతటా ఆసుపత్రులు, మందుల దుకాణాల చెల్లింపులు వారాల తరబడి నిలిచిపోయాయి. కోట్లాది మంది వివరాలు బయటకు పోయాయి.

టైపు మిషన్ నుంచి కోడ్ దాకా

బయటి ఊళ్ల పిల్లలు పట్నానికి వచ్చి ఉద్యోగ విద్య నేర్చుకోవడం కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరే అబిడ్స్‌కు వచ్చింది. దుకాణాల వీధిగా మొదలైన ఆ ప్రాంతంలో పెద్ద తపాలా కార్యాలయం, బ్యాంకులు, ఆఫీసులు పెరిగాయి. గుమాస్తా ఉద్యోగానికి టైపు, షార్ట్‌హ్యాండ్ కావలసిన రోజుల్లో లోయరు, హయ్యరు పరీక్షలకు పట్నంలో గది అద్దెకు తీసుకున్న వారు ప్రతి ఊళ్లోనూ వున్నారు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి.

1990ల చివరలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే మాట హైదరాబాద్‌లో మారుమోగింది. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పిన మాటలు విని ఇక్కడ టైపు చేయడం ఆ పని. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన కాలమది. శిక్షణ కేంద్రాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. నేర్చుకున్న వారందరికీ పని దొరకలేదు. ఆ తర్వాత మాటలను తానే అక్షరాలుగా మార్చే యంత్రాలు వచ్చాయి. 2009లో అమెరికా ప్రభుత్వం డాక్టర్లు కంప్యూటరులోనే రికార్డులు రాయాలని ప్రోత్సాహకాలు ఇచ్చింది. ట్రాన్స్‌క్రిప్షన్ పని బాగా తగ్గిపోయింది.

ఆ స్థానంలో కోడింగ్, బిల్లింగ్ పెరిగాయి. అపోలో ఆసుపత్రుల వారు హైదరాబాద్‌లో నెలకొల్పిన అపోలో హెల్త్ స్ట్రీట్ ఈ రంగంలో ముందు వచ్చిన సంస్థల్లో ఒకటి. అది 2012లో సదర్లాండ్ అనే అమెరికా సంస్థ చేతికి వెళ్లింది. పెద్ద కంపెనీలు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు వున్నాయి. శిక్షణ అబిడ్స్‌లో తీసుకున్నా ఉద్యోగం అటు దొరికే అవకాశమే ఎక్కువ. 2018 సెప్టెంబరు నుంచి నాంపల్లి మీదుగా మెట్రో రైలు నడుస్తోంది కనుక రాకపోకలు కొంత సులువయ్యాయి.

కరోనా కాలంలో ఈ పని విలువ లోకానికి తెలిసింది. కరోనా పరీక్షకు 87635 అనే కొత్త కోడ్‌ను 2020 మార్చి 13న అత్యవసరంగా ప్రకటించారు. ఆ జబ్బుకు యు 07.1 అనే కోడ్ అదే ఏడాది ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ లాక్‌డౌన్. ఉద్యోగులు కంప్యూటర్లను ఇళ్లకు తెచ్చుకుని పని నడిపించారు. పల్లెల్లో ఇంటర్నెట్ సరిగ్గా వున్న వారు సొంత ఊళ్ల నుంచే అమెరికా కరోనా పరీక్షల పద్దు రాశారు.

ఎవరికి సరిపడుతుంది?

శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు, మందుల పేర్లు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోగలగాలి. జంతు, వృక్ష శాస్త్రాలతో బి.ఎస్సీ., మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బి.ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివిన వారికి కొంత సులువు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసిన వారికి పరీక్షల సంగతి ముందే తెలుసు కనుక ల్యాబ్ కోడింగ్‌లో వారికి మొగ్గు వుంటుంది. తెలుగు మీడియంలో చదివిన వారు భయపడనక్కరలేదు. మాట్లాడే ఇంగ్లీషు కన్నా చదివే ఇంగ్లీషు ముఖ్యం. రోజుకు కొన్ని గంటలు ఓపికగా చదవగలిగితే ఆ లోటు తీరుతుంది. ఫోన్ పనికి మాత్రం మాట్లాడడం రావాలి.

ఈ రంగంలో పేరున్న పరీక్ష సి.పి.సి. దీనిని 1988లో అమెరికాలో ఏర్పడిన ఎ.ఎ.పి.సి. అనే సంస్థ నిర్వహిస్తుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు. నూటికి 70 మార్కులు వస్తే ఉత్తీర్ణత. కోడ్ పుస్తకాలు చూసి రాయవచ్చు. పుస్తకం ఎదురుగా వుంటే ఇక కష్టమేమిటనుకోరాదు. 70 వేల కోడ్‌ల పుస్తకంలో కావలసిన పేజీ ఎక్కడుందో తెలియకపోతే సమయం చాలదు. పరీక్ష ఫీజు, సభ్యత్వం డాలర్లలో కట్టాలి. కొత్తగా ఉత్తీర్ణులైన వారి బిరుదు పక్కన అప్రెంటిస్ గుర్తు వుంటుంది. అనుభవం చూపిన తర్వాతే అది తొలగుతుంది.

కోడ్‌లు ఏటా మారతాయి. ఐ.సి.డి. అక్టోబర్ 1న, సి.పి.టి. జనవరి 1న కొత్త కూర్పుతో వస్తాయి. పాత పుస్తకాలతో పాఠం చెప్పే చోట చేరితే నష్టం.

సంతకం పెట్టేముందు

శిక్షణ కేంద్రాలన్నీ మోసం కాదు. బాగా చెప్పేవీ వున్నాయి. కాని ‘నూటికి నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ’ అనే మాట కనిపిస్తే జాగ్రత్త పడాలి. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. శిక్షణ కేంద్రానికి ఆ హామీ ఇచ్చే అధికారం లేదు. కోచింగ్ కేంద్రాలు ఇలాంటి తప్పుడు హామీలతో ప్రకటనలు ఇవ్వరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది.

ఫీజు కట్టేముందు ఈ కింది విషయాలు అడగాలి.

పాఠం చెప్పేవారు స్వయంగా కోడర్‌గా పనిచేశారా? వారికి సర్టిఫికెట్ వుందా? ఎ.ఎ.పి.సి. సర్టిఫికెట్ నిజమైనదో కాదో ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు.

ఈ ఏడాది కోడ్ పుస్తకాలు ఇస్తారా? సాధనకు నిజమైన చీటీల వంటివి ఇస్తారా?

చివరికి వచ్చే సర్టిఫికెట్ ఎవరిది? కేంద్రం ముద్ర వేసి ఇచ్చే కాగితానికీ, సి.పి.సి. ఉత్తీర్ణతకూ పోలిక లేదు.

పరీక్ష ఫీజు కోర్సు ఫీజులో కలిసి వుందా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు? ఇవన్నీ కాగితం మీద రాసి ఇస్తారా?

గత బ్యాచ్‌లో ఎవరెవరికి ఎక్కడ పని దొరికింది? గోడ మీది ఫోటోలు చాలవు. వారితో మాట్లాడించమనాలి.

మొత్తం ఫీజు ఒకేసారి కట్టరాదు. రెండు రోజులు తరగతిలో కూర్చుని చూస్తామంటే ఒప్పుకునే చోటనే చేరాలి. ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టరాదు. ‘దొడ్డిదారి ఉద్యోగం’ అని డబ్బు అడిగే దళారులను దగ్గరకు రానీయరాదు. మంచి కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోదు. కొన్ని పెద్ద కంపెనీలు కొత్తవారిని చేర్చుకుని తామే శిక్షణ ఇస్తాయి కూడా. ముందు అక్కడ ప్రయత్నించడం మేలు.

మోసపోయిన వారు ఊరుకోనక్కరలేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదు తీసుకుంటుంది. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం నాంపల్లి దాకా తిరగకుండా తమ సొంత జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రసీదు చేతిలో వుంటేనే అది సాధ్యం.

యంత్రం వస్తే?

ఈ రంగానికి ముందున్న ప్రశ్న యంత్రాలదే. ల్యాబ్ పరీక్షల కోడ్‌లు చాలావరకు ఇప్పటికే కంప్యూటరు తనంతట తానే వేస్తోంది. డాక్టరు చీటీలో పరీక్ష పేరు వుంటే దాని నంబరు పట్టికలో సిద్ధంగా వుంటుంది. కృత్రిమ మేధ వచ్చాక కారణం కోడ్‌లను కూడా యంత్రమే సూచిస్తోంది. చూసి నొక్కడం మాత్రమే తెలిసిన వారికి గడ్డు రోజులే.

అయినా మనిషి పని పూర్తిగా పోలేదు. చీటీలో కారణం లేనప్పుడు, రెండు కాగితాలు పొంతన లేనప్పుడు, బీమా సంస్థ అన్యాయంగా తిప్పికొట్టినప్పుడు తెలిసిన మనిషి కావలసిందే. యంత్రం వేసిన కోడ్‌ను సరిచూసే వారూ కావాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కాలం నేర్పిన పాఠం ఒకటే. పై పని నేర్చిన వారు పోయారు. లోతు తెలిసిన వారు సరిచూసే పనికి, కోడింగ్‌కు, నాణ్యత పరిశీలనకు మారి నిలబడ్డారు.

మన వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం కింద పరీక్ష ఉచితంగా జరుగుతుంది. రోగికి బిల్లు రాదు. అయినా ఆరోగ్య బీమాలు, ఆరోగ్యశ్రీ పెరిగే కొద్దీ ఇక్కడి ఆసుపత్రులకు కూడా పద్దు తెలిసిన మనుషుల అవసరం పెరుగుతుంది. అప్పుడు ఈ చదువు అమెరికా మీద మాత్రమే ఆధారపడదు.

వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ వైపు డిగ్రీ కళాశాలల్లో సైన్సు చదివే పిల్లలకు శరీర శాస్త్రం, వైద్య పదాలు, కోడ్ పుస్తకం చూసే పద్ధతి చివరి ఏడాదిలోనే చెప్పిస్తే ఎంతో మేలు జరుగుతుంది. 2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్య సంస్థ టాస్క్, కళాశాలల ప్రిన్సిపాళ్లు ఈ దిశగా ఆలోచించాలి. ఈ పని తనకు సరిపడుతుందో లేదో పిల్లవాడికి ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. తర్వాత నాంపల్లి రైలు ఎక్కాలా వద్దా అన్నది ఇల్లంతా కూర్చుని తేల్చుకోవచ్చు.